ప్లేటు మీద బూడిదరంగు గీతలు: చెంచా గట్టిదా, పింగాణీ గట్టిదా?

చెంచాగిరి
నెల కిందట తెల్ల పింగాణీ ప్లేట్లు ఆరు కొన్నాను. ఇప్పుడు ఒక్కోదాని మీద పెన్సిలుతో పిచ్చిగీతలు గీసినట్టు బూడిదరంగు చారలు. మేం వాడేది మామూలు స్టెయిన్‌లెస్ స్టీలు చెంచాలు, ఫోర్కులు. కత్తి కూడా తాకలేదు. కొన్నచోట అడిగితే "మీరు గట్టిగా గోకి ఉంటారు" అని తప్పు నా మీదే వేశారు. నేనేమన్నా ప్లేటుతో కుస్తీ పట్టానా?

నాకు అర్థం కానిది ఒకటే. పింగాణీ స్టీలు కంటే గట్టిదని ఎప్పుడో చదివాను. అలాంటప్పుడు మెత్తటి చెంచా గట్టి ప్లేటును ఎలా గీరింది? నేను చదివింది తప్పా, ప్లేట్లు నాసిరకమా?

నిద్రలేని_పిల్లి
పేరు చూసి రాజకీయాల చర్చ అనుకుని వచ్చాను. నిజంగానే చెంచాల గొడవా!

సగం_ఇంజనీరు
నాసిరకం ప్లేట్లే. మంచి పింగాణీకి గీత పడదు. మా ఇంట్లో పన్నెండేళ్ళ నాటివి ఉన్నాయి, ఇప్పటికీ మెరుస్తున్నాయి. డబ్బు వాపసు అడగండి.

రాళ్ళపిచ్చి
సగం ఇంజనీరు గారూ, కాస్త ఆగండి. చెంచాగిరి గారూ, ఆ గీతకు అడ్డంగా గోరు నడిపి చూడండి. తట్టుకుంటోందా, జారిపోతోందా? కళ్ళు మూసుకుని చెయ్యండి. తెరిచి చేస్తే, కనబడుతోంది కాబట్టి తగిలినట్టే అనిపిస్తుంది.

చెంచాగిరి
చేశాను. కళ్ళు మూసుకుంటే గీత ఎక్కడుందో కూడా తెలియలేదు. జారిపోతోంది.

రాళ్ళపిచ్చి
అయితే ప్లేటుకు ఏమీ కాలేదు. అరిగింది మీ ఫోర్కో, చెంచానో.

పలక మీద బలపంతో గీస్తే గీత పడుతుంది. పలకకు గాయమైందంటామా? బలపం అరిగి పలకకు అంటుకుంది. ఇక్కడ మీ ప్లేటు పలక, మీ చెంచా బలపం. ఆ బూడిదరంగు స్టీలు పొడి.

కాలేజీలో మేం రోజూ చేసిన పని ఇదే. గ్లేజు, అంటే పైన మెరిసే గాజు పూత, లేని తెల్ల పింగాణీ బిళ్ళ మీద రాయిని గీసి, రాలిన పొడి రంగును బట్టి ఏ ఖనిజమో పోల్చేవాళ్ళం. బంగారంలా మెరిసిపోయే పైరైట్ ఆ బిళ్ళ మీద ఆకుపచ్చ కలిసిన నల్లగీత పెడుతుంది. అసలు బంగారం పసుపుపచ్చ గీతే పెడుతుంది. హెమటైట్ చూడ్డానికి నల్లగా, ఉక్కురంగులో ఉన్నా గీత మాత్రం ఇటుకరంగు. బిళ్ళ కాఠిన్యం మోహ్స్ లెక్కలో 7కి దగ్గర. దానికంటే మెత్తనిది ఏదైనా దాని మీద పొడి రాల్చి పోవాల్సిందే.

ప్రశ్నార్థకం
మోహ్స్ లెక్క ఏంటండీ? 7 అంటే ఎంతకి? పదికా, వందకా?

రాళ్ళపిచ్చి
పదికి. 1812లో ఫ్రెడరిక్ మోహ్స్ అనే జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త పెట్టిన వరస. యంత్రం లేదు, సూత్రం లేదు. పది ఖనిజాలు తీసుకుని, ఏది దేన్ని గీరుతోందో చూసి వరసలో నిలబెట్టాడు. అట్టడుగున టాల్క్, అంటే మన బలపపు రాయి. దాని మీద జిప్సం, ఆ పైన చలువరాయిలో ఉండే కాల్సైట్, తర్వాత ఫ్లోరైట్, అపటైట్, ఫెల్డ్‌స్పార్. ఏడోది క్వార్ట్జ్, ఇసుక రేణువుల్లో ఎక్కువగా ఉండేది అదే. ఎనిమిది టోపాజ్, తొమ్మిది కురువిందం, పది వజ్రం. కెంపు, నీలం రెండూ కురువిందం పిల్లలే.

ఇంట్లో వస్తువులను ఈ వరసలో ఇరికిస్తే సీసం 1.5, గోరు 2.5, బంగారం, వెండి, అల్యూమినియం ఇంచుమించు 2.5కీ 3కీ మధ్య, రాగి 3, ఇనుము 4, పంటి ఎనామెల్ 5, కిటికీ అద్దం 5.5, ఆకురాయి 6.5. ఇది గుర్తుంటే ఇంట్లో సగం గొడవలు తీరతాయి.

నిద్రలేని_పిల్లి
మిగతా సగానికి ఏ వరస?

లేతు_మాస్టారు
రాళ్ళపిచ్చి గారు చెప్పింది సరే గానీ, మోహ్స్‌తో ఒక చిక్కుంది. అది ర్యాంకులు చెబుతుంది, మార్కులు చెప్పదు. మొదటి ర్యాంకుకీ రెండో ర్యాంకుకీ మధ్య ఒక్క మార్కే తేడా ఉండొచ్చు, నాలుగొందలు ఉండొచ్చు. వికర్స్ అని గుచ్చి కొలిచే ఇంకో లెక్కుంది, అది మార్కులు చెబుతుంది. 9లో ఉన్న కురువిందం ఆ లెక్కలో సుమారు 2000, 10లో ఉన్న వజ్రం 10000 దాకా పోతుంది. కనబడేది ఒక్క మెట్టు, ఎక్కాల్సింది కొండ. లోహాల దగ్గర ఇంకా అన్యాయం. ఉక్కులన్నీ కలిపి 4 నుంచి 8 దాకా పరుచుకుని ఉంటాయి.

వర్క్‌షాపులో మేం గీరి చూడం, గుచ్చి చూస్తాం. 1900లో బ్రినెల్ అనే స్వీడన్ ఇంజనీరు గట్టి గుండును లోహంలోకి నొక్కి, పడిన గుంట వెడల్పు కొలిచాడు. 1921లో వికర్స్ కంపెనీలో గుండు బదులు వజ్రపు పిరమిడ్ పెట్టారు. రాక్‌వెల్ మిషను గుంట లోతు చూస్తుంది. మీ చెంచా రేకు వికర్స్‌లో 150-200 ఉంటుంది. కిటికీ అద్దం 500 పైమాటే. గ్లేజంటే పింగాణీ మీద కరిగి పరుచుకున్న గాజే కదా, అదీ అంతే. చెంచాకి గెలిచే దారే లేదు.

సగం_ఇంజనీరు
మరి కత్తిమొనతో గాజు మీద గీత పెట్టొచ్చు కదా. నేనే పెట్టాను చిన్నప్పుడు, తన్నులు కూడా తిన్నాను. కత్తీ స్టీలే.

లేతు_మాస్టారు
స్టీలు అనేది ఇంటిపేరు లాంటిది. ఒకే ఇంటిపేరున్న వాళ్ళందరూ ఒకేలా ఉంటారా? మంచి వంటింటి కత్తి రాక్‌వెల్ సీ స్కేలులో 55 నుంచి 60. వికర్స్‌లోకి మారిస్తే 600-700. ఎర్రగా కాల్చి గభాలున చల్లార్చి గట్టిపరిచిన ఉక్కు అది. చెంచాకు వాడే 304 రకాన్ని అలా కాల్చి చల్లార్చినా గట్టిపడదు, ఉన్న గట్టిదనం కూడా పోతుంది. దాన్ని గట్టిపరచాలంటే కొట్టాలి, వంచాలి, సాగదియ్యాలి.

ఇది నేను పుస్తకంలో నేర్చుకోలేదు. పనిలో చేరిన కొత్తలో స్టెయిన్‌లెస్ రేకుకు రంధ్రం పెట్టమన్నారు. భయంభయంగా డ్రిల్లును పైపైన ఆనించి తిప్పాను. బిట్టు దిగదు, కీచుమని అరుస్తుంది, రేకు మీద బొత్తాం అంత నున్నటి మచ్చ. ఇంకో బిట్టు వేశాను, దాని మొన నీలంగా మాడిపోయింది. పెద్దాయన వచ్చి చూసి, "దాన్ని నిమురుతున్నావేంట్రా, నిమిరితే మొండికేస్తుంది" అన్నాడు. వేగం తగ్గించి, నూనె వేసి, బరువంతా వేసి నొక్కితే చుట్టలు చుట్టలుగా లోహం లేచింది. నేను రుద్దిన రుద్దుడుకి పైపొర గట్టిపడి కూర్చుంది, అదీ సంగతి.

ప్రశ్నార్థకం
మాస్టారూ, కొడితే గట్టిపడటం ఏంటి? కొడితే ఏదైనా నలగాలి కదా.

లేతు_మాస్టారు
లోహంలో అణువులు వరసల్లో ఉంటాయి. ఆ వరసల్లో అక్కడక్కడా పొరపాట్లు ఉంటాయి. కింద ఉన్న పెద్ద జంపఖానాను ఒకేసారి లాగలేం, ఒక చివర ముడత లేపి ఆ ముడతను తోసుకుంటూ పోతే సులువుగా జరుగుతుంది. ఆ పొరపాటు అలాంటి ముడత. అది కదులుతుంది కాబట్టే లోహం వంగుతుంది, మెత్తగా ఉంటుంది. ఎక్కువ కొడితే ముడతలు వందలు పుట్టి ఒకదానికొకటి అడ్డం పడతాయి. ట్రాఫిక్ జామ్. ఇక కదలవు, లోహం గట్టి. ఇంకా వంచితే పుటుక్కు. రాగితీగను అటూ ఇటూ పదిసార్లు వంచి చూడండి, చేతికే తెలుస్తుంది.

గాజుకు ఆ ముడతల గొడవ లేదు, అందుకే గట్టి. లేదు కాబట్టే పెళుసు కూడా.

అమాయకచక్రవర్తి
ప్లేట్లు పక్కన పెట్టి నా ఫోను సంగతి తేల్చండి. స్క్రీన్ గార్డు అట్టపెట్టె మీద 9హెచ్ అని ఉంది. 9 అంటే కురువిందం, వజ్రానికి పక్కిల్లు. అయినా రెండు వారాల్లో సన్నటి గీతలు. జేబులో తాళంచెవులు తప్ప ఏమీ లేవు.

పెన్సిలుముక్క
నా పేరు మీద ప్రశ్న వచ్చింది కాబట్టి నేనే చెప్పాలి. ఆ హెచ్ పెన్సిలు హెచ్. మోహ్స్‌కీ దానికీ చుట్టరికం లేదు.

రంగులు, పూతలు పరీక్షించడానికి పుట్టిన పద్ధతి అది. చెక్కిన పెన్సిలును 45 డిగ్రీల వాలులో, 750 గ్రాముల బరువు కింద పూత మీద తోస్తారు. ఏ పెన్సిలు వరకూ గీత పడలేదో అదే దాని గ్రేడు. ఆ వరసలో ఆఖరి పెన్సిలు 9హెచ్. పెన్సిల్లో ఉండేది గ్రాఫైటు, బంకమన్ను. పెన్సిలు గాజును గీరలేకపోవడం ఓ ఘనతా? మీ కిటికీ అద్దం కూడా 9హెచ్చే, పాపం ఎవరూ రాయలేదు.

అమాయకచక్రవర్తి
ఇన్నాళ్ళూ జేబులో నీలమణి పెట్టుకు తిరుగుతున్నాననుకున్నాను.

నిద్రలేని_పిల్లి
పేరు నిలబెట్టుకున్నారు.

రాళ్ళపిచ్చి
తాళంచెవులను అనకండి, పాపం. ఇత్తడి చెవి మోహ్స్‌లో 3, 4 మధ్య. గాజును ఏం చెయ్యగలదు? జేబును పూర్తిగా బయటికి తిరగేసి, తెల్లకాగితం మీద ఆ మూల కుట్టును గోటితో గీకండి. నూలు పీచుతో పాటు కొన్ని రేణువులు రాలతాయి. వాటిని పాత గాజుసీసా మీద వేసి వేలితో నొక్కి రుద్దండి. కరకరమంటుంది. ఆ చప్పుడే మీ దొంగ. ఇసుక, 7. గాజు ఎంత మంచిదైనా దానికంటే కిందే.

సగం_ఇంజనీరు
ఖరీదైన ఫోన్లలో గట్టిపరిచిన గాజు ఉంటుంది కదా. దానికీ గీత పడుతుందా?

రాళ్ళపిచ్చి
పడుతుంది. ఆ గాజును కరిగిన పొటాషియం లవణంలో నానబెడతారు. పైపొరలోంచి సోడియం అయాన్లు బయటికొచ్చి, ఆ ఖాళీల్లో వాటికంటే లావుపాటి పొటాషియం అయాన్లు దూరతాయి. సన్నటివాళ్ళు కూర్చున్న బెంచీలో అంతేమంది లావుపాటివాళ్ళు ఇరుక్కున్నట్టు పైపొర బిగిసిపోతుంది. అందుకే పగులు సులువుగా పాకదు. పగలకపోవడం వేరు, గీత పడకపోవడం వేరు. కొన్ని ఫోన్ల కెమెరా కన్ను మీద, మంచి వాచీల మీద ఉండేది కృత్రిమ నీలమణి. దానికి ఇసుక భయం లేదు.

మసకజోడు
ఇది చదువుతుంటే నా కళ్ళజోడు గుర్తొచ్చింది. ఇరవయ్యేళ్ళుగా చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాను. లెన్సు మధ్యలో ఎప్పుడూ పొగమంచే. కళ్ళ డాక్టరు లైటు కింద పెట్టి చూపించాడు, గుండ్రంగా వందల గీతలు, గ్రామఫోన్ రికార్డులా. గుడ్డ మెత్తగా ఉంది కదా అని నా వాదన. గుడ్డ మెత్తనిదే, దాని మీదున్న దుమ్ము కాదు అన్నాడు. ప్లాస్టిక్ లెన్సు గాజు కంటే చాలా మెత్తన, పైన సన్నటి గట్టిపూత ఒక్కటే దిక్కు. అప్పట్నుంచి ముందు కుళాయి కింద కడిగి, ఆ తర్వాతే తుడుస్తున్నాను. ఈ జోడు మూడేళ్ళయింది, బాగుంది.

వాచీవెర్రి
గీతల బాధ వద్దనుకుంటే టైటానియం కొనండి, అయిపోతుంది. విమానాల్లో వాడేది.

లేతు_మాస్టారు
ఒప్పుకోను. విమానంలో వాడేది తేలిగ్గా, బలంగా ఉంటుందని. గీతలు పడదని కాదు. కల్తీలేని టైటానియం వికర్స్‌లో మీ చెంచాతో సమానం. అల్యూమినియం, వనేడియం కలిపిన రకం అయితే 350 దాకా వస్తుంది, అది నయం. అయినా ఇసుక రేణువు ముందు రెండూ ఒకటే.

వాచీవెర్రి
నాది ఆరేళ్ళ నాటి టైటానియం వాచీ. గీతలు కనబడవు.

లేతు_మాస్టారు
కనబడవు అన్నారు, లేవు అనలేదు. మెరుగు పెట్టిందా, మసకదా?

వాచీవెర్రి
మసకది. ...అర్థమైంది లెండి.

పెన్సిలుముక్క
నల్లటి గట్టి పూతలు వేసిన వాచీలు ఉంటాయి కదా, వజ్రంలాంటి కార్బన్ అంటారు. అవి?

లేతు_మాస్టారు
పూత నిజంగానే గట్టిది. కానీ మందం కొన్ని మైక్రాన్లు. కింద ఉన్నది మెత్తటి స్టీలు. పరుపు మీద అప్పడం పరిచినట్టు. చేత్తో రాస్తే ఏమీ కాదు, ఒక్కచోట పొడిస్తే కింద పరుపు నొక్కుకుపోయి పైన అప్పడం విరుగుతుంది. దుమ్ముకి ఆగుతుంది, తలుపు మూలకి ఆగదు. అల్యూమినియం కథా ఇదే. దాని మీద సహజంగా ఏర్పడే ఆక్సైడ్ కురువిందం బంధువే, చాలా గట్టిది. మందం కొన్ని నానోమీటర్లు. ఏం లాభం?

ఉంగరంవేలు
గట్టివాటి కోసం వెతికేవాళ్ళు నా కథ వినండి. గీతలు పడకూడదని టంగ్‌స్టన్ కార్బైడ్ ఉంగరం తీసుకున్నాను. మోహ్స్‌లో 9 దాటుతుంది. నాలుగేళ్ళు ఒక్క గీత లేదు. ఇటుక గోడకు రాసుకున్నా గోడే అరిగింది. ఓ పొద్దున సబ్బు చేతుల్లోంచి జారి రాతి నేల మీద పడింది. టింగుమని రెండు ముక్కలు. బంగారమైతే సొట్టపడేది, సరిచేయించుకునేవాళ్ళం. దీన్ని అతికించలేరు, సాగదియ్యలేరు. ఆ ముక్కలు ఇప్పటికీ ఉన్నాయి, ఒక్క గీత లేదు వాటి మీద.

నిద్రలేని_పిల్లి
ఆఖరి వాక్యానికి దణ్ణం.

రాళ్ళపిచ్చి
అదే వజ్రానికీ వర్తిస్తుంది. దాన్ని ఏదీ గీరలేదు, కానీ సుత్తితో సరైన దిక్కులో ఒక్క దెబ్బ వేస్తే చీలుతుంది. జేడ్ మోహ్స్‌లో 6, 6.5 దగ్గరే ఆగుతుంది గానీ సన్నటి పీచుల్లాంటి స్ఫటికాలు అల్లుకుని ఉంటాయి కాబట్టి దాన్ని పగలగొట్టడం మహా కష్టం.

ప్రశ్నార్థకం
వజ్రాన్ని ఏదీ గీరలేకపోతే వజ్రాన్ని కొయ్యడం ఎలా? వజ్రాన్ని వజ్రంతోనే కొయ్యాలంటారు, రెండూ 10 అయితే ఏది గెలుస్తుంది?

రాళ్ళపిచ్చి
మంచి ప్రశ్న. వజ్రం అన్ని దిక్కుల్లోనూ ఒకేలా గట్టిగా ఉండదు. కొన్ని దిక్కుల్లో కాస్త మెత్తన. వజ్రపు పొడిలో రేణువులు అన్ని దిక్కులకీ తిరిగి ఉంటాయి కాబట్టి ఎప్పుడూ కొన్ని తమ గట్టి వైపుతో ఎదుటి రాయి మెత్తటి దిక్కును అరగదీస్తాయి. సాన పట్టేవాళ్ళు రాయిని ముందు ఏ దిక్కున ఆనించాలో అందుకే చూసుకుంటారు.

గిన్నెలమోత
గిన్నెల సంగతి ఎవరూ ఎత్తలేదు. కొత్త స్టీలు గిన్నెను ఆకుపచ్చ స్క్రబ్బరుతో ఒక్కసారి తోమితే మెరుపు పోయి మసకబారింది. ప్లాస్టిక్ పీచే కదా, స్టీలును ఎలా గీరింది?

పెన్సిలుముక్క
పీచు ప్లాస్టిక్. ఆ పీచుకు అంటించిన పొడి చాలా రకాల్లో అల్యూమినియం ఆక్సైడ్, అంటే కురువిందమే. స్టీలును, గాజును, నాన్‌స్టిక్ పూతను దేన్నీ వదలదు. మెరుపున్న వాటికి పొడి అంటించని మెత్తటి రకం, లేకపోతే స్పాంజి. ఇప్పటికే మసకబారిన గిన్నె మీద గీతలు ఏ వాటంలో ఉన్నాయో చూసి ఆ వాటంలోనే తోమండి, కనీసం అడ్డదిడ్డంగా కనబడదు. తినేసోడా అయితే భయం లేదు, మోహ్స్‌లో 2.5.

గడ్డంబాబు
మెత్తనిది గట్టిదాన్ని ఏమీ చెయ్యలేదని అందరూ తీర్మానించేశారు. మరి నా రేజరు బ్లేడు పది గడ్డాలకే ఎందుకు మొండిదవుతోంది? వెంట్రుక బ్లేడు కంటే గట్టిదా?

సగం_ఇంజనీరు
తుప్పు. తడి వల్ల.

పదునయ్య
తుప్పు ఒక్కటే కాదు. దీని మీద 2020లో అమెరికాలోని ఎంఐటీ వాళ్ళు సైన్స్ పత్రికలో రాశారు. వెంట్రుక బ్లేడు కంటే దాదాపు 50 రెట్లు మెత్తన. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి కోసి చూస్తే అంచు అరగడం లేదు, చిన్న చిన్న పెచ్చులుగా విరుగుతోంది. కోసేటప్పుడు వెంట్రుక వంగుతుంది, బలం అంచుకు పక్క నుంచి పడుతుంది. బ్లేడు ఉక్కు లోపల అంతటా ఒకేలా ఉండదు, గట్టి చోటు, మెత్తటి చోటు పక్కపక్కనే ఉంటాయి. ఆ సరిహద్దు సరిగ్గా వెంట్రుక ఆనిన చోట పడితే పెచ్చు లేస్తుంది. కాబట్టి గీరడానికి గట్టిదనం కావాలి గానీ, పదును పోగొట్టడానికి అక్కర్లేదు.

గాజు చాపింగ్ బోర్డులు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది ఇందుకే. కత్తి గాజు కంటే గట్టిదే, నిజం. కానీ అంచు కాగితం కంటే సన్నం. గాజు లొంగదు, అంచు మడతపడుతుంది. చెక్క లొంగుతుంది.

గడ్డంబాబు
అంటే తప్పు గడ్డానిది కాదు, వాటానిది.

పదునయ్య
ఇంకోటి. కత్తి మొండిదైతే, సానరాయి దొరక్కపోతే పింగాణీ కప్పు బోర్లించండి. అడుగున గ్లేజు లేని గరుకు వలయం ఉంటుంది. దాని మీద కత్తిని వాలుగా పది పన్నెండుసార్లు లాగితే అంచు తేరుకుంటుంది. వలయం మీద నల్లటి చార పడుతుంది, అది కత్తి అరిగిన పొడి. చెంచాగిరి గారి గీతలూ అవే.

ప్రశ్నార్థకం
పోటీల్లో గెలిచినవాళ్ళు బంగారు పతకం కొరుకుతారు కదా. అది కూడా ఈ పరీక్షేనా?

రాళ్ళపిచ్చి
పేరుకి ఇదే. పన్ను 5, బంగారం 3 లోపు, గాటు పడాలి. చిక్కేమిటంటే సీసం 1.5. సీసానికి బంగారు పూత పూస్తే ఇంకా బాగా గాటు పడుతుంది, మోసం ఇంకా బాగా నమ్ముతాం. పైగా ఒలింపిక్స్ బంగారు పతకం లోపలంతా వెండే, పైన బంగారం 6 గ్రాములు. కొరికేది ఫొటోల కోసమే.

చెంచాగిరి
రెండు రోజులు రాలేకపోయాను, ఇంతలో ఊరంతా తిరిగొచ్చారు మీరు. నా ప్రయోగం ఫలితాలు.

మొదట, తినేసోడాలో నాలుగు చుక్కల నీళ్ళు వేసి ముద్దలా చేసి, తడిగుడ్డతో ఒక గీత మీద రుద్దాను. ముప్పై నలభై సార్లకు గుడ్డ మీద బూడిదరంగు దిగింది. ప్లేటు మీద గీత సగం పోయింది. ఇంకోసారికి మొత్తం పోయింది. కింద గ్లేజు మెరుస్తోంది, లైటుకు అడ్డంగా పట్టినా ఏమీ లేదు. రాళ్ళపిచ్చి గారికి దణ్ణాలు.

కానీ అసలు సంగతి ఇది. సగం ఇంజనీరు గారి పన్నెండేళ్ళ ప్లేట్లకు ఏమీ కాలేదన్నారు కదా, అది నన్ను పీకుతూనే ఉంది. ఒక ప్లేటు బోర్లించి, అడుగున గ్లేజు ఉన్న చోట ఇంట్లో ఉన్న చెంచాలు, ఫోర్కులు ఒక్కొక్కటే ఒకే బలంతో గీశాను. పాత చెంచాలు, పాత ఫోర్కులు, ఒక్క గీత లేదు. ప్లేట్లతో పాటు కొన్న కొత్త ఫోర్కులు ఆరు ఉన్నాయి. వాటిలో ఏది గీసినా నల్లగా పడుతోంది!

సగం_ఇంజనీరు
నేను నాసిరకం అన్నది నిజమే, వస్తువు మాత్రం వేరు. ఒప్పుకుంటున్నాను.

లేతు_మాస్టారు
ఫోర్కు పళ్ళ కొసల మీద వేలి కొస నడపండి, జాగ్రత్తగా. గరుకు తగులుతుంది. రేకును అచ్చుతో కత్తిరించినప్పుడు అంచున లేచే పొక్కు అది, నున్న చెయ్యకుండా వదిలేశారు. అంత సన్నటి కొస మీద బలమంతా పడితే పొడి రాలక ఏం చేస్తుంది? పాతవి వాడి వాడి నున్నబడ్డాయి. నున్నటి గుండ్రటి కొస ప్లేటు మీద జారిపోతుంది.

చెంచాగిరి
తగిలింది. నాలుగు పళ్ళలో రెండింటికి, వెనకవైపు.

ఉప్పుకాగితం లేదు. పదునయ్య గారి కప్పు గుర్తొచ్చి, ప్లేటు అడుగున ఉన్న గరుకు వలయం మీదే ఫోర్కు పళ్ళను గుండ్రంగా తిప్పుతూ ఓ రెండు నిమిషాలు రుద్దాను. వలయం చుట్టూ నల్లటి చార. కడిగి మళ్ళీ గ్లేజు మీద గీశాను. ఏమీ పడలేదు. బాగా నొక్కితే వెంట్రుకంత పడుతోంది, అంతే.

నిద్రలేని_పిల్లి
ప్లేటు తన పగ తానే తీర్చుకుంది.

లేతు_మాస్టారు
మిగతావి కూడా చేసేశాక సన్నటి ఉప్పుకాగితంతో ఒకసారి నున్న చెయ్యండి. వలయం కాస్త గరుకు, కొత్త గీరలు పెట్టి ఉంటుంది.

చెంచాగిరి
ఒకటయింది, ఐదున్నాయి. ప్లేటును ఒళ్ళో బోర్లించుకుని ఫోర్కుతో అడుగు గోకుతుంటే మా అమ్మాయి తలుపు దగ్గర నిలబడి చాలాసేపు చూసి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయింది.